అడుగు నీళ్ళు చూసిన మామ్మగారు

మా ఊరి తూము మామ్మగారు పోయారు. ఆషాఢంలో, వాన పట్టి వదలని మూడో రోజు పొద్దున చర్చి మైకులో ఆ మాట విన్నాం. "ప్రభువునందు నిద్రించారు" అంటూ పాస్టరు గారు ఆవిడ పేరు చదివారు. ఆ పేరు ఊళ్ళో సగం మందికి తెలియదని ఆయనకే తోచినట్టుంది, కాస్త ఆగి "మన తూము మామ్మగారండి" అని చేర్చారు. మా అత్తగారు అప్పుడే పాలు స్టవ్ మీద పెట్టారు. స్టవ్ కట్టేసి, గిన్నె మీద మూతపెట్టారు. "మొన్న కూడా నన్ను తిట్టిందే" అన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నా కాపురంలో నేను చూడ్డం అది రెండోసారి.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పాఠం చెప్పడం నా వృత్తి, కాబట్టి ఎవరైనా నాకు పాఠం చెప్పబోతే ఓ పట్టాన ఒప్పుకోను. మామ్మగారి దగ్గర ఒప్పుకున్నాను, అదీ పదిమందిలో ఓడిపోయాక. ఆవిడ గురించి ఏ పేపర్లోనూ రాలేదు, ఏ ఆఫీసరూ శాలువా కప్పలేదు. ఎండలు ముదిరిపోతున్నాయి, సముద్రం పైకొస్తోంది అని మీరు రోజూ చదువుతూనే ఉంటారు. ఆ వచ్చే సముద్రానికి ఎదురుగా ఇన్నేళ్ళు ఒక ముసలావిడ సీసా పట్టుకుని కూర్చుందని మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. డెల్టాకి చిట్టచివర ఉంటాం మేము. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి కాలవ దారిలో అందరికీ ఇచ్చుకుంటూ వచ్చి, మా దగ్గరికి చేరేసరికి మోకాలి లోతు ఉంటే గొప్ప. పొలాల్లో ఎక్కువైన నీళ్ళన్నీ ఒక మురుగు కాలవలో పడి ఉప్పుటేట్లోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతాయి. ఆ కాలవ ఉప్పుటేట్లో కలిసే చోట ఉంది తూము. మూడు ఇనుప తలుపులు, పైన తిప్పడానికి మూడు చక్రాలు. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ తలుపులెత్తితే మా వాననీళ్ళు బయటికి పోతాయి. ముందుకొచ్చే పోటు వేళ దించకపోతే సముద్రమే మా పొలాల్లోకి వస్తుంది. ఊరి పంటంతా ఆ మూడు తలుపుల మీదే ఉంది.

మామ్మగారి భర్త ఆ తూముకి లస్కరు. తిథి చూసుకుని పోటూ పాటూ లెక్కకట్టి తలుపులు తిప్పేవారట. ఆయన పోయాక ఆ ఉద్యోగంలో ఎవర్నీ వెయ్యలేదు. మట్టి చేసిన వారం లోపే, ఎవరూ అడక్కుండా, మామ్మగారు వెళ్ళి చక్రం పట్టుకున్నారు. పొలంలో కూలికి వెళ్ళే మనిషి, భుజాల్లో బలం ఉంది. "తలుపులు నోరు తెరుచుకునుంటే నాకు నిద్దరెలా పడద్దండీ" అన్నారు, చాలా ఏళ్ళ తర్వాత నేనడిగితే.

ఆవిడ కాలం వచ్చేసరికి తిథులు చాలకుండా పోయాయి. తిథి చెప్పిన పోటు వచ్చేది గానీ, చెప్పినంతలో ఆగేది కాదు. తూము కింద రాతిమెట్లున్నాయి. భర్త రోజుల్లో పౌర్ణమి పోటుకి తడిసిన మెట్టు ఇప్పుడు మామూలు రోజుల్లోనే తడుస్తోందని ఆవిడ నాకు చూపించారు. సముద్రం గురించి ఎప్పుడూ కోపంగా మాట్లాడేవారు కాదు. "దాని మీద కోపం పెట్టుకుంటే మన కన్ను చెదురుద్దమ్మా. ఊరికే చూత్తా ఉండాలి" అనేవారు.

అసలు ఆవిడ ప్రతాపం తలుపులు తిప్పడంలో కాదు, నాలుకలో ఉంది. తొలకరి పడ్డా కాలవ నీళ్ళు మాకు ఆలస్యంగా వస్తాయి. ఈలోగా వరినారు పోసుకోవాలి. ఆ నారుని మా వైపు ఆకు అంటారు, నారు మడిని ఆకుమడి అంటారు. ఆకుమడికి నీళ్ళు కావాలంటే మురుగు కాలవలో ఇంజన్లు పెట్టి తోడుకోవడమే దారి. తలుపులు దించినా సందుల్లోంచి సముద్రం కొంత లోపలికి ఊరుతూనే ఉంటుంది, కాబట్టి ఆ నీళ్ళలో ఉప్పెంత ఉందో ముందు తెలియాలి. కాస్త ఎక్కువైతే ముదురు పైరు ఓర్చుకుంటుంది గానీ పసి ఆకు మాడిపోతుంది. ఆ నీళ్ళు పొద్దున్నే రుచి చూసి "పెట్టుకోండి" అనో "వొద్దు" అనో మామ్మగారు చెప్పేవారు. పెట్టుకోండి అంటే గట్టు పొడుగునా ఇంజన్లు లేచేవి.

ఆకుమళ్ళ రోజుల్లో ఆవిడ ఉప్పు తినేవారు కాదు. ఇంట్లో కొత్తావకాయ ఘుమఘుమలాడుతుంటే ఆవిడ చప్పిడి గంజి తాగి లేచిపోయేవారు. మా అత్తగారికి ఇది బొత్తిగా మింగుడుపడేది కాదు. ఆవకాయ కలిపిన మొదటి వారం దానికి దూరంగా ఉన్న మనిషిని ఆవిడ ఎక్కడా చూళ్ళేదట. మామ్మగారికి నీళ్ళు కొలవడానికి తనదైన లెక్క ఉంది. గంజి ఉప్పు, మజ్జిగ ఉప్పు, చారు ఉప్పు, కూర ఉప్పు. మజ్జిగ దాకా ఆకుమడికి పర్వాలేదు. చారు అంటే ఇంజను దగ్గరికి కూడా పోకూడదు.

ఈ లెక్క విని నేను నవ్వాను. కొత్తగా కాపురానికొచ్చిన సైన్సు టీచర్ని, నాకు ఆ మాత్రం పొగరు ఉండాలి కదా. కాకినాడలో లాబ్ సామాన్ల కొట్టుకి వెళ్ళి నీళ్ళలో ఉప్పు చూపించే చిన్న మీటరు తెచ్చాను. మర్నాడు పొద్దున్నే ఇంజన్ల వాళ్ళందరూ ఉండగా మెట్లు దిగి, నీళ్ళలో ముంచి, అంకె చూపించాను. మంచినీళ్ళకి దగ్గరగా ఉంది. మామ్మగారు "వొద్దండి, చారు" అన్నారు. నేను మళ్ళీ ముంచాను. మళ్ళీ అదే అంకె.  ఆవిడ తన చేతిలో సీసా నాకిచ్చారు.

ఆ సీసాకి మొక్కజొన్న కండెతో బిరడా. బిరడాకి ఒక తాడు, సీసా మెడకి ఒక తాడు, అడుగున కట్టిన రాయి. సీసాని కాలవ అడుగుదాకా దించి, అప్పుడు బిరడా తాడు లాగాలి. అడుగున ఉన్న నీళ్ళే అందులో పడతాయి. పైకి తీసి మీటరు ముంచితే అంకె గబగబా ఎక్కిపోయింది. ఉప్పునీళ్ళు బరువు, అడుగున పడుకుంటాయి, వాననీళ్ళు వాటి మీద తేలతాయి. ఈ ముక్క నేనే తొమ్మిదో తరగతిలో బొమ్మ గీసి చెబుతాను. ఇంజను గొట్టం అడుగు నుంచి నీళ్ళు లాగుతుందని మాత్రం నాకు తోచలేదు. అక్షరం చదవని మనిషికి తోచింది, తోచి సీసాకి రాయి కూడా కట్టుకుంది.  "మీ మిషను మంచిదేనండి టీచరమ్మగారూ, పాపం మీరే పైపైన ముంచారు" అన్నారు మామ్మగారు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఆ సీజనంతా రోజూ ఆవిడ నాలుకనీ నా మీటరునీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిడ గంజి అన్నప్పుడు, మజ్జిగ అన్నప్పుడు అంకె ఎక్కడుంటుందో రాసుకున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. నాకు నిజంగా భయం లాంటిది వేసింది. గుడిలో గర్భాలయం దగ్గర దీపం వెలుగులో నిలబడితే ఒక్కోసారి అలా ఉంటుంది.

అయితే ఆ నమ్మకంలోనే మేం పెద్ద పొరపాటు చేశాం. మామ్మగారి నాలుక ఉండగా ఇంకేమీ అక్కర్లేదనుకున్నాం. నా మీటరులో సెల్ అయిపోతే కొత్తది వెయ్యకుండా స్కూలు బీరువాలో పడేశాను. ముందు తరం రైతులు తలో దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని చూసేవారట, అదీ మానేశారు. ఊరు ఊరంతా ఒక్క నోటి మీద కూర్చుంది.

అందరినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టిన ఆ జ్వరాల కాలంలో మామ్మగారికీ జ్వరం వచ్చింది. పది రోజులకి తగ్గింది, లేచి తిరిగారు. అప్పటికి ఆకుమళ్ళ సమయం. ఎప్పట్లాగే సీసా దించారు, ఎప్పట్లాగే పుక్కిలి పట్టి ఉమ్మేశారు, "పెట్టుకోండి" అన్నారు. నాలుగు రోజులు అలా అన్నారు. అయిదో రోజు మా ఆకుమడి వైపు వెళ్ళి చూస్తే ఆకు కొసలు తెల్లబడి ముడుచుకుపోయాయి. వారం తిరిగేసరికి గట్టు కింద ఆకుమళ్ళన్నీ ఎండుగడ్డిలా అయిపోయాయి. మా అత్తగారు గట్టు మీద కూర్చుని ఏడ్చారు. ఆవిడ కళ్ళనీళ్ళు నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఊరంతా పంచాయితీ ఆఫీసు అరుగు మీద చేరింది. మామ్మగారు చూసిన నీళ్ళు పెట్టినా ఆకు మాడిందంటే, సముద్రం ఇంక మన చేతిలో లేదని తేలిపోయిందన్నారు. పక్క ఊళ్ళో ఎప్పుడో పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేసేశారు. మన శివారు కూడా అలా ఇచ్చేస్తే సరిపోతుందన్న మాట మెల్లిగా మొదలైంది. మొదలైన పావుగంటలో అందరూ ఒప్పుకునేదాకా వచ్చింది. చెరువులు తవ్వాక ఆ నేలలో మళ్ళీ వరి మొలవదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా అలిసిపోయారు. మా ఇంట్లో కూడా ఒప్పుకోవడానికి సిద్ధపడ్డారు. ఒకాయన కాగితం మీద పేర్లు రాయడానికి పెన్ను తీశారు.

అప్పుడు అరుగు కింద నిలబడి ఉన్న మామ్మగారు ముందుకొచ్చారు.

"ఉప్పు ఎక్కువేం రాలేదండి. ఏటా వొచ్చినట్టే వొచ్చింది. నాకే తెలీలేదు. జొరం తగ్గిన కాణ్ణుంచీ నా నాలిక్కి ఏ రుచీ లేదండి. కారం తిన్నా అంతే, ఉప్పుగల్లు నవిలినా అంతే. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది. సముద్రం మీద పెట్టేసి పొలాలు ఇచ్చేయకండి."

 ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఆవిడని అనరాని మాటలన్న వాళ్ళున్నారు. ఎందుకు దాచావని గట్టిగా అడిగితే ఆవిడ తలెత్తకుండా చెప్పిన జవాబు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "మామ్మగారూ అన్న పిలుపు నాకు ఈ నాలికతో వొచ్చిందండి. దాంతోనే పోద్దనుకున్నాను." నిజమే. తూము దగ్గరికి వెళ్ళకముందు ఆవిడని మా వీధిలో ఎవరూ గారూ అని పిలవలేదు. పెరటి గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. ఆ మాట విన్నాక కొందరు తలలు దించుకున్నారు.

నేను కూడా లేచి నా మీటరు సంగతి చెప్పాలి. బీరువాలో సెల్ లేకుండా పడి ఉందని, అది పనిచేస్తుంటే మొదటి రోజే పట్టుకునేదాన్నని చెప్పాలి. చెప్పలేదు. చదువుకున్న దాన్ని, ఉద్యోగం ఉన్న దాన్ని, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడకి పోగొట్టుకోవడానికి ఉన్నది ఆ ఒక్క పిలుపే, దాన్ని పదిమంది ముందు తీసి పెట్టేశారు. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నా ముక్క ఇన్నాళ్ళకి ఇక్కడ రాస్తున్నాను.

కాగితం మీద పేర్లు ఎక్కలేదు. మెరక ఊళ్ళలో మిగిలిన ఆకు అడిగి తెచ్చుకున్నారు, దొరకని వాళ్ళు విత్తనాలు వెదజల్లారు. ఊడ్పులు ఆలస్యమయ్యాయి, పంట ఎప్పటంత రాలేదు. కానీ వచ్చింది. ఇవాళ పక్క ఊరి వాళ్ళు తాగే నీళ్ళు ట్యాంకరులో తెచ్చుకుంటున్నారు. మా ఊరి శివారులో ఇంకా వరి ఉంది.

ఆ పంట ఇంటికొచ్చాక మామ్మగారు మా ఇంటికొచ్చారు. మీటరు బాగుచేయించమన్నారు. గ్లాసుల్లో రకరకాల ఉప్పునీళ్ళు కలిపి ఇమ్మన్నారు, ఏది ఎంతో చీటీ మీద రాసి నా దగ్గర ఉంచుకోమన్నారు. వీధికి ఇద్దరు చొప్పున ఆడవాళ్ళని పంపమని మా అత్తగారిని అడిగారు. రుచి పోయిన మనిషి రుచి చూడటం నేర్పుతానంటోంది. నాకు నమ్మకం కుదరలేదు గానీ, అంతకుముందు నవ్వి ఏమైందో గుర్తుంది కనక చెప్పినట్టు చేశాను.

మొదటి రోజు ఆవిడ ఇంటి అరుగు మీద చాప పరిచి, ఏడు గ్లాసులు వరసగా పెట్టారు. పన్నెండు మంది వచ్చారు, అన్ని వీధుల వాళ్ళూ ఉన్నారు. కొందరు ఆ పేటలో అడుగుపెట్టడం అదే మొదలు. కూర్చున్నారు గానీ ఎవరి చెయ్యీ ముందుకి రాలేదు. మామ్మగారికి విషయం తెలుసు. నెమ్మదిగా అడిగారు.

"మా ఇంట్లో గ్లాసులమ్మా. పర్లేదా?"

మా అత్తగారు మడి మనిషి. నా చేతి కాఫీ కూడా స్నానం అయితేనే పుచ్చుకునే మనిషి. ఆవిడ చుట్టూ ఓసారి చూసి, మొదటి గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నారు. బుగ్గలు ఉబ్బించుకుని అలా కూర్చుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మామ్మగారు ఆవిడ మొహంలోకి చూస్తూ, "ఉమ్మెయ్యండి. అది మీ నోటి రుచి. రెండోసారి పోసుకున్నదే నీళ్ళ రుచి" అన్నారు. అలా మొదలైంది.

తనకి తెలియని రుచిని ఆవిడ ఎదుటివాళ్ళ మొహాల్లో చదివేవారు. చారు ఉప్పు తగిలితే ముక్కు పక్కన చిన్న కదలిక వస్తుందట, మజ్జిగకి రాదట. ఎవరైనా తడుముకుంటే నేను చీటీ తీయకముందే తప్పు పట్టేవారు. పొద్దున ఆవకాయ తిని వచ్చిన వాళ్ళని వాసన పట్టి వెనక్కి పంపేసేవారు. మా అత్తగారిని అందుకే ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. ఎదురు చెప్పడం పుట్టుకతో వచ్చిన మా అత్తగారు, అక్కడ మాత్రం బడిపిల్లలా "సరే మామ్మగారూ" అనేవారు.

అందరూ నేర్చుకున్నాక ఆవిడ ఒక కట్టుబాటు పెట్టారు. రోజూ ముగ్గురు చూడాలి, ఒకరి మాట ఇంకొకరు వినకుండా చెప్పాలి, మీటరు కూడా ముంచాలి. నాలుగూ కలిస్తేనే ఇంజను. "ఒక్క నోటి మీద మళ్ళీ ఊరు నడవకూడదమ్మా, అది నా నోరైనా సరే" అన్నారు. నిన్న మంచినీళ్ళే కదా అని ఎవరైనా బద్ధకిస్తే, ఈ నీళ్ళు నిన్నటివి కావు అనేవారు. కాకినాడ నుంచి వచ్చిన ఒక ఆఫీసరు మా గట్టు మీద ఇదంతా చూసి, ఎవరు నేర్పారని అడిగారు. పన్నెండు మందీ ఒక్కసారే ఆవిడ వైపు చూశారు. ఆవిడ అప్పుడు తలుపు చక్రానికి గ్రీజు పూస్తున్నారు.

రుచి మళ్ళీ తిరిగి రాలేదు. చివరిదాకా ఆవిడ తిన్నదంతా చప్పగానే తిన్నారు. దాని గురించి ఒకే ఒక్కసారి నాతో అన్నారు. "ఇప్పుడు కొత్తావకాయ తినొచ్చు కదండీ, ఎవరూ వొద్దనరు. తింటే ఏంటో తెలవదు." అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తారు. మూడు రోజుల వానకి ఆకుమళ్ళు మునిగి ఉన్నాయి. ఆకు ఆ నీళ్ళలో ఇంకో పూట ఉంటే కుళ్ళిపోతుంది. తలుపులెత్తుదామంటే పొద్దుటి నుంచీ బయట పోటు. సమాధుల తోట తూము దాటాక ఉప్పుటేటి గట్టు మీద ఉంది. పాట పాడుకుంటూ అందరూ తూము మీదికి వచ్చారు. మా అత్తగారు గొడుగు పక్కకి తీసి కిందికి వంగి చూశారు. బయట నీళ్ళు లోపలి నీళ్ళకంటే కిందికి దిగాయి. తోటకి వెళ్ళి, మట్టి చేసి, తిరిగొచ్చేసరికి పాటు సగం అయిపోతుంది.

"పెట్టె దించండి" అన్నారు మా అత్తగారు.

మోస్తున్న వాళ్ళు పాస్టరు గారి వైపు చూశారు. ఆయన పాటల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. పెట్టెని తూము మీద సిమెంటు గచ్చు మధ్యలో మెల్లిగా దించి, ఆ మోసిన వాళ్ళే మూడు చక్రాలూ పట్టుకున్నారు. తలుపులు ఒక్కొక్కటే లేచాయి. పెట్టె కింద నుంచి ఎర్రనీళ్ళు సముద్రం వైపు కదిలాయి. పెట్టె మళ్ళీ ఎత్తుదామని ఎవరూ అనలేదు. వానలో, తెల్లచీరల్లో, పన్నెండు మంది ఆడవాళ్ళు మామ్మగారికి అటూ ఇటూ నిలబడ్డారు. దాదాపు గంటసేపు ఊరంతా అలాగే నిలబడి ఉంది. గట్టు కింద ఆకుమడిలో నీళ్ళ మీదికి ఆకు కొసలు ఒక్కొక్కటే పైకొస్తున్నాయి.